మూకీల నుంచి మంథర దాకా: లలితా పవార్ అరవై ఏళ్ల నటనకు కారణాలు

లలితా పవార్ పేరు చెబితే గుర్తుపట్టని తెలుగువారు కూడా రామానంద్ సాగర్ ‘రామాయణ్’లో మంథర అంటే వెంటనే గుర్తుపడతారు. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలై 1988 జూలై 31 వరకు ఆదివారం ఉదయాలను తన సొంతం చేసుకున్న ఆ సీరియల్‌ను, కథ ముందే తెలుసు కనుక, హిందీ ఒక్క ముక్క రానివారు కూడా మన ఊళ్లలో వదలకుండా చూశారు. అందులో నడుము వంగిన ముసలి దాసిగా కైకేయి చెవిలో విషం పోసిన నటికి అప్పటికి డెబ్బై ఏళ్లు నిండాయి. ఆమె మొదటిసారి కెమెరా ముందు నిలబడింది 1928లో. మన దేశంలో సినిమాకు అప్పటికి మాట రాలేదు.

కథానాయికలుగా వెలిగినవారిలో చాలామంది పది పన్నెండేళ్లకే తెరమరుగయ్యే పరిశ్రమలో ఒక నటి మూకీలను, టాకీలను, రంగుల చిత్రాలను దాటి టెలివిజన్ దాకా ఎలా నడిచిందన్న ప్రశ్నకు సాధారణంగా ఒకే జవాబు వినిపిస్తుంది. 1942లో ఒక షూటింగులో తగిలిన చెంపదెబ్బ వల్ల ఆమె ఎడమ కన్ను దెబ్బతిన్నదనీ, దానితో కథానాయిక వేషాలు పోయి గయ్యాళి వేషాలు వచ్చాయనీ, ఆ కన్నే ఆమెకు అన్నం పెట్టిందనీ ఆ జవాబు సారాంశం. ఇందులో చెప్పిన సంఘటన నిజమే. అయితే అది ఒక మలుపును మాత్రమే వివరిస్తుంది. ఆ మలుపుకు ముందున్న పద్నాలుగేళ్లను గానీ, తరువాత వచ్చిన నలభై అయిదేళ్లను గానీ వివరించలేదు.

ఆమె అసలు పేరు అంబ. 1916 ఏప్రిల్ 18న నాసిక్ జిల్లాలోని యేవలాలో పుట్టారు. పైఠణీ చీరల నేతకు పేరున్న ఊరది, తండ్రి పట్టు వ్యాపారి. బాలనటిగా ఆమె మొదటి చిత్రం 1928 నాటి ‘రాజా హరిశ్చంద్ర’. ఇది దాదాసాహెబ్ ఫాల్కే తీసిన తొలి చిత్రం కాదు, అదే కథతో తరువాత వచ్చిన మరొక మూకీ. ఈ రెండింటి మధ్య గడిచిన పదిహేనేళ్లలో ఏం మారిందో గమనించదగ్గది. 1913లో ఫాల్కేకు తారామతి (మన చంద్రమతి) వేషానికి ఆడవాళ్లెవరూ దొరకక, సాలుంకే అనే వంటవాడి చేత చీర కట్టించి నటింపజేయవలసి వచ్చింది. 1928 నాటికి వ్యాపార కుటుంబంలోని ఒక ఆడపిల్ల సినిమాలోకి రాగలిగింది. అప్పటికీ అది పరువైన పనిగా ఎవరూ అనుకోలేదు. కాకపోతే తలుపు మాత్రం కొంచెం తెరుచుకుంది.

మూకీల కాలంలో నటికి కావలసిన సామర్థ్యం వేరు. మాటలు తెర మీద అక్షరాలుగా పడేవి, అవీ ఒక్కొక్కసారి మూడు నాలుగు భాషల్లో. చదువు రాని ప్రేక్షకుడికి ఆ అక్షరాలు అందవు కనుక కోపమో, కుట్రో, దుఃఖమో ముఖం చూసి తెలియాలి, అదీ హాలులో చివరి బెంచీ దాకా. పెదవి విరుపు, మెడ తిప్పడం, కనుబొమ ఎత్తడం వంటివి ఆ నటులకు అలంకారాలు కావు, సంభాషణలు అవే. లలితా పవార్ తరువాతి చిత్రాలు చూస్తే ఈ శిక్షణ ఆమెను చివరిదాకా విడిచిపెట్టలేదని నాకు అనిపిస్తుంది. మాట పలకడానికి అర క్షణం ముందే ముఖంతో ఆ మాట చెప్పేసి, తరువాత గొంతుతో దాన్ని ఖాయం చేయడం ఆమె పద్ధతి. ఆనాడు మన దేశంలో తీసిన దాదాపు 1,300 మూకీల్లో మిగిలినవి అతి కొద్ది. అందువల్ల ఆ తరం నటన ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇలా టాకీల్లో కొనసాగినవారి ముఖాలే మనకున్న ఆధారాల్లో ఒకటి.

1931 మార్చి 14న మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ విడుదలైంది. మరుసటి ఏడాది తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. ఒక్క రోజులో మూకీలు మూతపడ్డాయని అనుకుంటాం గానీ, మాట వచ్చిన తరువాత కూడా మూడు నాలుగేళ్లు అవి తయారవుతూనే ఉన్నాయి. శబ్ద యంత్రాలకు డబ్బు కావాలి, ఊళ్లలో హాళ్లు మారాలి. ఆ సంధికాలంలోనే, 1932లో, లలితా పవార్ ‘కైలాశ్’ అనే మూకీలో నటించడమే కాక దాని నిర్మాణంలోనూ భాగస్వామి అయ్యారు. అప్పటికి ఆమెకు పదహారేళ్లు. 1938లో ‘దునియా క్యా హై’ అనే టాకీని కూడా నిర్మించారు. చెంపదెబ్బ కథ చెప్పేవారు ఈ భాగాన్ని తరచు వదిలేస్తారు. వేషం కోసం ఎదురుచూసే అమ్మాయిగా గాక, సినిమా తయారీని లోపలి నుంచి చూసిన మనిషిగా ఆమె ఆ ప్రమాదం దగ్గరికి వచ్చారు.

మాట రావడంతో ఎంతోమంది తారల వెలుగు తగ్గింది. మూకీల్లో మకుటంలేని మహారాణిగా వెలిగిన సులోచన, అసలు పేరు రూబీ మైయర్స్, హిందుస్తానీ నేర్చుకోవడానికి కొంతకాలం ఆగి మళ్లీ రావలసి వచ్చింది. వచ్చి కొన్నేళ్లు నిలబడినా పాత స్థానం దక్కలేదు. ఆ తరువాత చిన్న చిన్న వేషాల్లో కనిపించిన ఆమెకు 1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చారు. ఆ రోజుల్లో ఇంకొక పరీక్ష కూడా ఉండేది. నేపథ్య గానం 1935లో గాని మొదలు కాలేదు, అది స్థిరపడడానికి మరి కొన్నేళ్లు పట్టింది. అందాకా కథానాయిక పాట కథానాయికే పాడుకోవాలి. ‘హిమ్మతే మర్దా’ (1935)లో లలితా పవార్ నాయికగా నటించి తన పాటలు తానే పాడారు. మరాఠీ ఇంటి అమ్మాయి హిందీ పలికి, పాడి, మెప్పించిందంటే మాట అనే గండాన్ని ఆమె ప్రమాదానికి ఎంతో ముందే దాటేసిందన్నమాట.

ఇక ఆ ప్రమాదం. 1942లో ‘జంగ్-ఎ-ఆజాదీ’ చిత్రీకరణలో భగవాన్ దాదా, అంటే తరువాత ‘అల్బేలా’తో దేశమంతా తెలిసిన ఆ నటుడే, ఒక సన్నివేశంలో ఆమెను చెంప మీద కొట్టాలి. దెబ్బ అనుకున్నదానికంటే గట్టిగా తగిలింది. ముఖంలో ఒక వైపు పక్షవాతం వచ్చింది, ఎడమ కంటిలో నరం చిట్లింది. మూడేళ్లపాటు చికిత్స జరిగిందంటారు. ఎడమ కన్ను మాత్రం తిరిగి మామూలు కాలేదు, చిన్నదిగానే ఉండిపోయింది.

ఈ మూడేళ్ల చికిత్సను మూడేళ్ల అజ్ఞాతవాసంగా చెప్పడం పరిపాటి. కానీ 1944లో ప్రభాత్ సంస్థ తీసిన ‘రామశాస్త్రి’లో ఆమె ఆనందీబాయి వేషం వేశారు. మరాఠా రాజ్యాన్ని నడిపిన పీష్వాల చరిత్రలో ఆనందీబాయి సామాన్యురాలు కాదు. 1773లో యువ పీష్వా నారాయణరావు హత్యకు ఆజ్ఞాపత్రంలో ఒక అక్షరం మార్చి కారణమైందని మహారాష్ట్రలో తరతరాలుగా చెప్పుకునే స్త్రీ ఆమె. భర్తను గద్దె ఎక్కించాలన్న ఆశతో రాజభవనంలో ఒకరి చెవిలో ఒకరికి తెలియకుండా మాట ఊదే మనిషి. ఈ పాత్రను చూసినవారికి నలభై మూడేళ్ల తరువాతి మంథర కొత్తగా అనిపించదు. గాయం తరువాత ఆమెకు దక్కిన వేషం ఇంటి ముంగిట చీపురు తిప్పే గయ్యాళి అత్తది కాదు, చరిత్రలో బరువున్న ప్రతినాయికది. కన్ను బాగోలేదని జాలిపడి ఎవరూ అలాంటి పాత్ర ఇవ్వరు.

ఇక్కడ మనం తెలుగు సినిమా వైపు ఒకసారి చూడాలి, పోలిక అంత దగ్గరగా ఉంది గనుక. సూర్యకాంతం గురించి కూడా ఇలాంటి కథే చెబుతారు. ‘సౌదామిని’లో కథానాయికగా అవకాశం వచ్చిందనీ, కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగలడంతో అది చేజారిందనీ, ఆ తరువాత ‘సంసారం’లో గయ్యాళి అత్త వేషం వచ్చి అదే స్థిరపడిందనీ అంటారు. బొంబాయిలో ఒకరికి, మద్రాసులో ఒకరికి జరిగిన రెండు దుర్ఘటనలను పక్కపక్కన పెడితే ఒక అలవాటు బయటపడుతుంది. ఒక ఆడమనిషి క్యారెక్టర్ వేషాల్లో రాణించిందంటే, దానికి ముందు కథానాయిక అయ్యే యోగం తప్పిపోయి ఉండాలని మనం అనుకుంటాం. ఎస్వీ రంగారావు గొప్పతనాన్ని వివరించడానికి ఆయన కథానాయకుడు కాలేకపోయిన కారణాన్ని ఎవరూ వెతకరు. నటీమణుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందు ఆ లోటు చెప్పి, తరువాత ప్రతిభ గురించి మాట్లాడతాం.

నిజానికి కథానాయిక లెక్క వేరు, క్యారెక్టర్ నటి లెక్క వేరు. 1952లో ‘దాగ్’లో దిలీప్ కుమార్‌కు తల్లిగా నటించేనాటికి లలితా పవార్‌కు ముప్పై ఆరేళ్లు, దిలీప్ కుమార్ ఆమెకంటే కేవలం ఆరేళ్లు చిన్న. 1955లో ‘శ్రీ 420’లో ఆమెను తల్లిలా చూసుకున్న రాజ్ కపూర్ ఎనిమిదేళ్లు చిన్న. ముప్పై దాటిన నాయికను పరిశ్రమ పక్కకు నెట్టే ఆ రోజుల్లో, ముప్పై ఆరేళ్లకే తల్లి అయిన నటికి ఇంకా నలభై ఏళ్ల పని ముందుంటుంది, ఎందుకంటే తెర మీద తల్లికి గానీ అత్తకు గానీ వయసు మీరడం ఉండదు. ప్రమాదం జరగకపోయినా 1940ల చివరికల్లా ఆమె ఈ దారికి రావలసిందే. ఆమెతోపాటు 1930ల్లో వెలిగిన నాయికల్లో ఈ దారికి రాలేకపోయినవారే కనుమరుగయ్యారు. దెబ్బ ఆ మార్పును కొన్నేళ్లు ముందుకు జరిపింది.

పరిశ్రమ నడిచే తీరు మారడం రెండో కారణం. 1930ల్లో నటులు స్టూడియోల్లో నెలజీతం మీద పనిచేసేవారు, ఒక కంపెనీ ముఖం మరో కంపెనీలో కనిపించేది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పోగుపడిన లెక్కలేని సొమ్ముతో కొత్త నిర్మాతలు వచ్చి, సినిమాకింత అని ముట్టజెప్పి తారలను లాక్కున్నాక పెద్ద స్టూడియోలు ఒక్కొక్కటిగా కుంగిపోయాయి. ఈ మార్పుతో నాయకుల పారితోషికాలు పెరిగాయన్నది అందరూ చెప్పేదే. దానివల్ల క్యారెక్టర్ నటులకు కలిగిన మేలు గురించి తక్కువగా మాట్లాడతారు. నాయిక కాల్షీట్లు ఒక చిత్రానికి నెలల తరబడి కావాలి. అత్తగారికి పది పన్నెండు రోజులు చాలు. కాబట్టి ఒకే ఏడాది అయిదారు చిత్రాల్లో కనిపించవచ్చు, అందులో నాలుగు పోయినా ఆ నింద ఆమె మీద పడదు. ఆమె చిత్రాల సంఖ్యను ఏడు వందలని చెప్పేవారున్నారు. ఆ అంకె ఎలా ఉన్నా, వందల్లో నటించడానికి వీలైన వ్యవస్థ మాత్రం ఇదీ.

అయినా వ్యవస్థ అవకాశం ఇస్తుందే తప్ప పాత్రను ఇవ్వదు. యాభైల నాటి హిందీ సాంఘిక చిత్రానికి గయ్యాళి అత్త అంత అవసరం ఎందుకైందో కూడా చూడాలి. 1950లో శాంతారామ్ ‘దహేజ్’ తీశారు. కట్నం కోసం కోడల్ని కాల్చుకుతినే అత్త వేషం లలితా పవార్‌ది. కట్న నిషేధ చట్టం 1961లో గాని రాలేదు. చట్టం రాకముందే ఆ దుర్మార్గానికి తెర మీద ఒక ముఖం దొరికింది. ఇందులో ఒక మెలిక ఉంది. కట్నం అడిగేది ఒక్క అత్తే కాదు, దాన్ని అనుభవించేది మామ, కొడుకు, ఇంటిల్లిపాదీ. కానీ సినిమా ఆ భారమంతా అత్త మొహం మీద పెట్టి, మామను మెతక మనిషిగా, కొడుకును నిస్సహాయుడిగా వదిలేస్తుంది. మన తెలుగు చిత్రాలు చేసిందీ అదే. ఆడది ఆడదానికి శత్రువన్న సిద్ధాంతాన్ని ఇంతమంది నమ్మడానికి ఇలాంటి చిత్రాలూ కారణమే. ఆ నటీమణులు ఎంత బాగా నటిస్తే ఆ నమ్మకం అంత గట్టిపడింది.

‘మిస్టర్ అండ్ మిసెస్ 55’లో ఈ మెలిక మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చి విడాకులకు దారి ఇచ్చింది, అదే ఏడాది గురుదత్ ఈ చిత్రం తీశారు. లలితా పవార్ ఇందులో సీతాదేవి. ఆమె ఆస్తిపరురాలు, స్త్రీల హక్కుల కోసం సభలు పెట్టే మనిషి, విడాకుల బిల్లుకు గట్టి మద్దతుదారు. వీలునామా షరతు కోసం ఒక నిరుద్యోగి కార్టూనిస్టుకు డబ్బిచ్చి అతనితో మేనకోడలికి పెళ్లి చేయించి, వెంటనే విడాకులు ఇప్పించాలన్నది ఆమె పథకం. చిత్రం చమత్కారంగా సాగుతుంది, మధుబాల, గురుదత్ ఇద్దరూ మనసు దోచుకుంటారు. అయితే హక్కుల గురించి మాట్లాడే ఏకైక స్త్రీని చిత్రం హాస్యానికీ ఏవగింపుకూ అప్పగిస్తుంది. ఈ రోజు చూస్తే సీతాదేవి మాటల్లో సగం న్యాయమే. ఆమె మాట తప్పనిపించేలా చేయడానికి దర్శకుడికి లలితా పవార్ కనుబొమ కావలసి వచ్చింది. ‘దహేజ్’లో పాతకాలపు అత్త దుష్టురాలు, ఇక్కడ ఆధునిక మహిళ దుష్టురాలు. రెండు చివరలకూ ఒకే ముఖాన్ని వాడుకోగలిగారంటే, ప్రేక్షకుడికి భయం కలిగించినది ఏ సిద్ధాంతమో కాదు, ఇంట్లో మాట చెల్లించుకునే ఆడమనిషి.

ఇక్కడితో ఆగిపోతే ఆమె ఒక మూస నటి అనిపించవచ్చు. ఆ మాట పూర్తిగా అబద్ధమని కూడా అనలేము. ‘జంగ్లీ’ (1961)లో నవ్వును నిషేధించిన దర్జా తల్లి లాంటి వేషాలు ఆమె కొన్ని డజన్లు వేశారు, వాటిలో చాలావాటి గురించి ప్రత్యేకంగా చెప్పడానికి ఏమీ లేదు. కానీ ఆమెకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటి పురస్కారం వచ్చింది గయ్యాళి వేషానికి కాదు. 1959లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన ‘అనాడీ’లో ఆమె మిసెస్ డిసా. అద్దెకు ఉంటున్న అమాయక యువకుడిని పైకి కసురుకుంటూ లోలోపల కొడుకులా చూసుకునే క్రైస్తవ ఇల్లాలు. చివరికి కల్తీ మందు తాగి చనిపోతే, ఆ నేరం రాజ్ కపూర్ మీద పడుతుంది. నాలుగేళ్ల ముందు ‘శ్రీ 420’లో బొంబాయి ఫుట్‌పాత్ మీద అరటిపళ్లు అమ్మే గంగామాయి కూడా ఆమే. ఈ రెండు పాత్రల్లోనూ ముఖం అదే, కసురు అదే, ఆ చిన్న కన్ను అదే. తేడా అంతా ఎక్కడుందంటే, కసిరిన తరువాత ఆమె ఎంతసేపు ఎదుటివాడి వంక చూస్తుందన్న దాంట్లో ఉంది. ‘దహేజ్’ అత్త మాట విసిరి మొహం తిప్పుకుంటుంది. మిసెస్ డిసా మాట విసిరి, అది తగిలిందో లేదోనని చూస్తూ ఉండిపోతుంది. 1971లో ‘ఆనంద్’ తీసినప్పుడు హృషీకేశ్ ముఖర్జీ ఆమెకు నర్సింగ్ హోమ్ మేట్రన్ పాత్ర ఇచ్చి, దానికీ డిసా అనే పేరే పెట్టారు. రెండు చిత్రాలూ చూసినవారికి ఆ పేరు ఒక పలకరింపు.

కరకుదనాన్నీ మెత్తదనాన్నీ ఒకే పాత్రలో చూడాలంటే ‘ప్రొఫెసర్’ (1962) చూడాలి. మేనకోడళ్ల మీద జైలరులా కాపలా కాసే సీతాదేవి, ముసలివాడి వేషంలో పాఠాలు చెప్పడానికి వచ్చిన షమ్మీ కపూర్‌ను నిజంగానే ముసలివాడనుకుని మనసు పారేసుకుంటుంది. ఈ కథనే తెలుగులో ఎన్టీ రామారావుతో ‘భలే మాస్టారు’గా తీశారు. నలభై ఆరేళ్ల నటి, అప్పటికి పదేళ్లుగా ప్రేక్షకులు తిట్టుకుంటున్న ముఖంతో, కొత్త చీర కట్టుకుని అద్దం ముందు సిగ్గుపడే స్త్రీగా మారితే హాలంతా నవ్వుతుంది. నవ్వించి వదిలేస్తే అది ప్రహసనమయ్యేది. ఆ సిగ్గును ఆమె నిజమైనదిగా నటించారు కనుక, మోసం బయటపడేసరికి చూసేవారు ఆమె పక్షాన నిలబడతారు. నా లెక్కలో ఆమె చేసిన పాత్రల్లో అన్నిటికంటే కష్టమైనది ఇదే, పురస్కారం ‘అనాడీ’కి వచ్చినా సరే. 1961లో సంగీత నాటక అకాడమీ ఆమెను గౌరవించింది.

అదే 1961లో బాబూభాయ్ మిస్త్రీ ‘సంపూర్ణ రామాయణ’లో ఆమె మొదటిసారి మంథర వేశారు. ఇరవై ఆరేళ్ల తరువాత రామానంద్ సాగర్ సీరియల్‌కు ఆమెను పిలవడం వెనుక ఉన్న ఆలోచనను, ఆ సీరియల్‌లో పాత్రల ఎంపికను మొత్తంగా చూస్తే గాని గ్రహించలేము. రాముడికి, సీతకు ప్రేక్షకుల మనసులో గట్టి పాత ముద్ర ఏదీ లేని ముఖాలను తీసుకున్నారు. అరుణ్ గోవిల్ అంతకుముందు సినిమాల్లో నటించినా ఏ ఒక్క వేషానికీ కట్టుబడిపోలేదు, దీపికా చిఖలియా కూడా అంతే. దేవుడి వేషానికి అదే మంచిది. హనుమంతుడి దగ్గరికి వచ్చేసరికి దారా సింగ్, అంటే కుస్తీ రంగంలో దేశమంతా ఎరిగిన బలశాలి. మంథరకు లలితా పవార్. అంటే అవతారమూర్తులకు గతం లేని ముఖాలు, బలానికీ కుట్రకూ గతం ఉన్న ముఖాలు. ఆమె కైకేయి మందిరంలో అడుగు పెట్టగానే, ఇంకా నోరు విప్పకముందే, చూస్తున్న ఇళ్లలో పెద్దవాళ్లకు జరగబోయేది తెలిసిపోయింది. నలభై ఏళ్లపాటు ఎన్నో ఇళ్లలో చిచ్చు పెట్టిన అత్త ఇప్పుడు అయోధ్యకు వచ్చిందన్నమాట.

టెలివిజన్ కూడా ఆమె పద్ధతికి అనుకూలంగా ఉంది. అప్పటి టీవీ తెర చిన్నది, చాలా ఇళ్లలో బొమ్మ ఇంకా నలుపు తెలుపే. దూరపు దృశ్యాలు అందులో చీమల బారులా కనిపించేవి. అందువల్ల సీరియల్ దర్శకుడు ముఖాల మీదనే ఆధారపడాలి, పొడుగాటి సంభాషణలను దగ్గరి నుంచి తీయాలి. సంభాషణ అర్థం కాని ప్రాంతాల్లో కూడా దాన్ని చూస్తున్నారు. భాష రాని ప్రేక్షకుడికి ముఖంతో కథ చెప్పడమనే 1928 నాటి అవసరం, 1987లో తెలుగు, తమిళ, కన్నడ ఇళ్లలో వేరే రూపంలో తిరిగి వచ్చింది. మూకీల్లో నేర్చినది ఉపయోగపడే చోటు మళ్లీ దొరికిందని అంటే అతిశయోక్తి కాదనుకుంటాను.

ఆమె 1998 ఫిబ్రవరి 24న పుణెలో కన్నుమూశారు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ‘రామాయణ్’ను మళ్లీ ప్రసారం చేసినప్పుడు, ఆమె మరణం తరువాత పుట్టినవారు కూడా ఆ మంథరను చూశారు. వారిలో చాలామంది ‘దహేజ్’ పేరు విని ఉండరు, ‘జంగ్లీ’ తల్లి ఎవరో వారికి తెలియదు. పైన చెప్పిన ముఖానికున్న గతం వారి విషయంలో పనిచేయదు. అయినా ఆ సన్నివేశాలు వారినీ పట్టి కూర్చోబెట్టాయంటే, దానికి కారణం పాత్రను ఆమె కట్టిన తీరులోనే వెతకాలి. రాముడి పట్టాభిషేకమని విని సంతోషించిన కైకేయికి ఆ మంథర మొదట కోపం చూపదు, భయం చూపుతుంది. రేపు నీ గతి ఏమిటమ్మా అని అడిగే దాసిలో నిజంగానే యజమానురాలి మీద ప్రేమ ఉంది. కుట్ర ఆ ప్రేమలోంచే పుడుతుంది. వరాల సంగతి గుర్తుచేసేసరికి కైకేయి ఆమెను కుట్రదారుగా చూడడం మానేసి, ఈ అంతఃపురంలో తన మేలు కోరే ఒకే ఒక్క మనిషిగా చూస్తుంది. కసురులో మమకారాన్ని కలపడం ఆమె ‘అనాడీ’లో చేసిన పనే. ఇక్కడ అదే పనిని ఆమె ఒక రాజ్యాన్ని తలకిందులు చేయడానికి వాడారు.